పెట్టె మీద తల మందం కూడా అచ్చు వేయించండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రికలో కార్డ్‌లెస్ (వైరు లేకుండా బ్యాటరీతో నడిచే) పనిముట్ల మీద వచ్చిన అర పేజీ వ్యాసాన్ని మా షెడ్డులో ముగ్గురం చదివాం. నేనూ, మా కుర్రాడూ, ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చి స్టూలు మీద కూర్చున్న ఒక పెద్దాయనా. పెద్దాయన చాలా బాగుందన్నారు. ఆయన బోల్టు విప్పే పని లేదు కాబట్టి ఆయనకు బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఒకచోట అడ్డుపడింది. బోల్టులు విప్పే, బిగించే పవర్ రాచెట్ గురించి ఆరేడు లైన్లు రాశారు. వోల్టులు ఉన్నాయి, టార్క్ (తిప్పే బలం) ఉంది, ధర ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఉంది. ‘ఇరుకు సందుల్లో పనికి చాలా అనువైనది’ అని కూడా ఉంది. ఎంత ఇరుకు? బోల్టు వైపు ఉండే ఆ మెషిన్ తల మందం ఎంత, వెడల్పు ఎంత? ఆ అంకె ఒక్కటే లేదు.

తప్పు మీ విలేకరిది అనను. ఆ అంకె పెట్టె మీదే ఉండదు, పాపం ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు. నా ఫిర్యాదు ఆ పెట్టె మీదే.

నాది మదనపల్లె దగ్గర పల్లె. 1996లో బెంగళూరు వచ్చాను. కలాసిపాళ్యంలో ఒక షెడ్డులో పార్టులు డీజిల్లో కడిగే పనితో మొదలుపెట్టాను. ఇప్పుడు కృష్ణరాజపురంలో నాకంటూ ఒక రేకుల షెడ్డు ఉంది. రెండు కార్లు పడతాయి, మూడోది రోడ్డు మీద పెట్టుకుని తిట్లు తింటాను. చదువు తొమ్మిదో తరగతి. పేపరు మాత్రం రోజూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాను, చదివాక దాని మీదే బోల్టులు వరసగా పేర్చుకుంటాను.

రాచెట్ అంటే తెలియని పాఠకుల కోసం ఒక మాట. బోల్టు తలను పట్టుకునే గొట్టంలాంటి సాకెట్ పెట్టి, దాని వెనక పిడి తగిలించి ముందుకు తోస్తే బోల్టు తిరుగుతుంది. వెనక్కి లాగితే టిక్ టిక్ మంటూ పిడి మాత్రమే వెనక్కి వస్తుంది, బోల్టు కదలదు. లోపల పళ్ల చక్రం ఉంటుంది. నా దగ్గరున్న దానికి 72 పళ్లు. అంటే ఒక్క పన్ను దాటడానికి పిడి 5 డిగ్రీలు కదలాలి. బయట, చెయ్యి తిరిగే చోట ఇది హాయి. కానీ ఇప్పటి కార్ల బానెట్ ఎత్తి చూడండి, చెయ్యి దూరితే తిరగదు, తిరిగితే బయటికి రాదు. పిడి 10 డిగ్రీలు మాత్రమే కదిలే సందు అనుకోండి. బోల్టు ఒక చుట్టు తిరగడానికి 36 సార్లు తొయ్యాలి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు చుట్టుకు 1.25 మిల్లీమీటర్ల మర ఉంటుంది, 25 మిల్లీమీటర్లు లోపలికి దిగి ఉంటే 20 చుట్లు. మొత్తం 720 తోపులు. ఒక్క బోల్టుకు! అంత తోసినవాడికే తెలుస్తుంది రాత్రి అన్నం ముద్ద ఎత్తేటప్పుడు మణికట్టు ఏమంటుందో.

అదే పవర్ రాచెట్ అయితే పిడి కదలక్కర్లేదు. నిమిషానికి 200 చుట్లు తిరిగే మెషిన్‌కు ఆ 20 చుట్లు 6 సెకన్ల పని. గాలితో తిరిగే రాచెట్లు షెడ్డుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, నేనూ వాడాను. దానికి కంప్రెసర్ కావాలి, పైపు కావాలి, ఆ పైపు సరిగ్గా మనం చెయ్యి పెట్టాల్సిన చోటే అడ్డం వస్తుంది. పైగా మా షెడ్డు వెనక ఇంట్లో చంటిపిల్ల ఉంది. కంప్రెసర్ మోత మొదలైతే ఆ పిల్ల లేస్తుంది, ఆ పిల్ల లేస్తే వాళ్ల నానమ్మ గోడ మీది నుంచి నా పేరు పెట్టి పిలుస్తుంది. అందుకని నాలుగేళ్ల కింద బ్యాటరీది కొనాలని ఎస్.పి. రోడ్డుకు వెళ్లాను.

ఎస్.పి. రోడ్డు తెలియనివాళ్లు బెంగళూరులో ఉండరు. అక్కడ వెతికితే దొరకని వస్తువు లేదు, దొరికినదాని గురించి నిజం చెప్పేవాళ్లు మాత్రం కొంచెం తక్కువ. ఏ అంగడో చెప్పను. కన్నడంలో అడిగాను, ఆయన హిందీలో మొదలుపెట్టి చివరికి తెలుగులోకి దిగాడు. పెట్టె తీసి చూపించాడు. మీద ఈ మూల నుంచి ఆ మూలకు ‘388’ అని రాసి, పక్కన వి అక్షరం.

‘‘ఏందన్నా ఇది, 388 వోల్టులా? మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలిస్తారా దీన్ని?’’ అన్నాను.

‘‘పవర్ సార్ అంతా. లారీ బోల్టు కూడా లాగేస్తుంది.’’

3,800 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. షెడ్డుకు వచ్చి మల్టీమీటర్ పెట్టి చూస్తే 20.6 చూపించింది. మా కుర్రాడు పడీపడీ నవ్వాడు. లెక్క చిన్నదే. లిథియం సెల్ ఒకటి నిండా చార్జ్ అయితే 4.2 వోల్టులు. లోపల 5 సెల్స్ వరసగా ఉంటే 21. ఆ 388 ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పెట్టె గీసినవాడికే తెలియాలి. పేరున్న కంపెనీలు అంత అబద్ధం చెప్పవు కానీ వాళ్లదీ ఒక గమ్మత్తుంది. ఒకే 5 సెల్స్ బ్యాటరీని ఒకరు 18 వోల్టులు అంటారు, ఇంకొకరు 20 వోల్టులు అంటారు. సెల్ మామూలు లెక్క 3.6 వేసుకుంటే 18, చార్జ్ అయిన కొత్తలో 4 వేసుకుంటే 20. 12 వోల్టులదీ అంతే, 3 సెల్స్, మామూలు లెక్కలో 10.8. రెండు వోల్టులు ఎక్కువని వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టకండి.

టార్క్ సంగతీ ఇంతే. ఒక పెట్టె మీద 35 అని ఉంటుంది, పక్క పెట్టె మీద 47 అని ఉంటుంది. మనవాడు 47 తీసుకుంటాడు. 35 అడుగు పౌండ్లు, 47 న్యూటన్ మీటర్లు, రెండూ ఒకటే. అసలు ఇరుకు సందులో ఉండే బోల్టులు ఎలాంటివి? 6 మిల్లీమీటర్లవి, 8 మిల్లీమీటర్లవి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు చాలు, 8కి ఇరవై, పాతిక. చక్రం నట్లకు నూరు దాకా కావాలి, నిజమే, కానీ చక్రం నట్టు దగ్గర ఇరుకు ఏముంది? అక్కడికి ఇంపాక్ట్ గన్ వేరే ఉంది. ఇరుకులో వాడే మెషిన్‌కు టార్క్ ఎక్కువుందని చెప్పుకోవడం, ముగ్గుపిండి చల్లడానికి గడ్డపార తెచ్చినట్టు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

పోయిన సంవత్సరం వానాకాలం, శుక్రవారం సాయంత్రం. ఒక డీజిల్ కారు, ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే భాగం) పోయింది. కారు యజమాని కుటుంబంతో మర్నాడు తెల్లవారుజామున తిరుపతి బయలుదేరాలి. దర్శనం టికెట్లు ఎప్పుడో తీసుకున్నారు. ఈ కారులో ఆల్టర్నేటర్ ఇంజిన్‌కు వెనక పక్క, కింద ఉంటుంది. పై బోల్టు చేతికి దొరికింది. కింది బోల్టు ఎదురుగా చాసిస్, అంటే కారు ఇనుప చట్రం. బోల్టు తల నుంచి చాసిస్ దాకా నేను స్కేలు పెట్టి చూస్తే 54 మిల్లీమీటర్లు.

నా చేతి రాచెట్ తల మందం 14, సాకెట్ పొడవు 27. రెండూ కలిపి 41. హాయిగా దూరింది, కానీ తిరగదు, రెండు టిక్కులే. అదే 720 తోపుల లెక్క. సరే, మెషిన్ తీశాను. దాని తల మందం వెర్నియర్‌తో (మిల్లీమీటర్లు సరిగ్గా కొలిచే స్కేలు) చూస్తే 28. సాకెట్ 27 కలిపితే 55. ఒక్క మిల్లీమీటరు! ఒక్క మిల్లీమీటరు కోసం దూరలేదు.

మా మెకానిక్‌ల బుద్ధి తెలుసు కదా, ఊరుకోం. పాత సాకెట్ ఒకటి గ్రైండర్ మీద పెట్టి 20కి కోసేశాను. 28, 20 కలిపి 48. దూరింది. సాకెట్ బోల్టు తల మీద కూర్చోగానే ఇంకో 8 మిల్లీమీటర్లు లోపలికి దిగింది. అంటే మెషిన్ వెనక 14 మిల్లీమీటర్ల జాగా. నేనే గొప్పవాడిని అనుకున్నాను. పొడుగు రింగ్ స్పానర్‌తో ముందు బోల్టు కట్టు (మొదటి బిగువు) విడగొట్టి, మెషిన్ పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. గర్రుమని తిరిగింది.

నేను మరిచిపోయింది ఏమిటంటే, విప్పుతుంటే బోల్టు బయటికి వస్తుంది. బోల్టు వస్తే మెషినూ దానితోపాటు వెనక్కి వస్తుంది. నిమిషానికి 200 చుట్లు, చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు. సెకనుకు నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ 14 మిల్లీమీటర్ల జాగా మూడున్నర సెకన్లు కూడా రాలేదు. టక్కుమని ఆగింది. చేతి రాచెట్ అయితే బిగుసుకుపోతున్నట్టు వేళ్లకు ముందే తెలుస్తుంది. మెషిన్‌కు వేళ్లు లేవు.

బోల్టుకూ చాసిస్‌కూ మధ్య మెషిన్ ఇరుక్కుపోయింది. బయటికి లాగితే రాదు, సాకెట్ లోపల బోల్టు తల ఉంది. బోల్టు ఇంకా 11 మిల్లీమీటర్లు మరలోనే ఉంది. ఇటు తిప్పింది అటు తిప్పి మళ్లీ బిగించుకుంటే పోతుంది కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. దిశ మార్చే మీట ఎక్కడుందో తెలుసా? తల వెనక. ఇప్పుడు చాసిస్‌కు అతుక్కున్న వైపు. అక్కడ వేలు కాదు, బ్లేడు కూడా దూరదు.

అప్పుడు ఎనిమిదైంది. వాన. ఆ యజమాని ఫోన్.

‘‘అన్నా, బండి అయిపోయిందా? రమ్మంటావా?’’

‘‘అయిపోవచ్చింది సార్, కొంచెం టైం పడుతుంది’’ అన్నాను. మా వృత్తిలో ఈ మాటకు అర్థం అందరికీ తెలుసు, ఆయనకు కూడా తెలిసిపోయింది. గంటకోసారి చేశాడు.

చివరికి ఇంజిన్ కింద కొయ్య పెట్టి జాకీతో ఎత్తిపట్టి, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్ బోల్టులు వదులు చేసి, ఇంజిన్‌నే ఒక వేలెడు ముందుకు జరిపి మెషిన్ బయటికి తీశాం. ఒక ఆల్టర్నేటర్ బోల్టు కోసం ఇంజిన్ కదిపాను, సంపాదకుడు గారూ. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అందుకే నా పేరు వేయవద్దని కింద రాశాను. కారు తెల్లవారి మూడున్నరకు తయారైంది. వాళ్లు తిరుపతి వెళ్లివచ్చి లడ్డూ తెచ్చిచ్చారు. పనికి పూర్తి డబ్బులు అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి ఇంకొకటి జరిగింది, అదీ చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు. మెషిన్ టక్కుమని ఆగినప్పుడు దాని పిడి వెనక్కి తిరిగి నా ఎడమ చేతి ఉంగరపు వేలిని రేడియేటర్ పైపు క్లిప్పుకు నొక్కేసింది. గోరు నల్లబడి నెల తర్వాత ఊడిపోయింది. ఇంపాక్ట్ గన్ అలవాటున్నవాళ్లకు ఈ ప్రమాదం తోచదు. గన్‌లో లోపల సుత్తి ఉంటుంది, అది బోల్టును దెబ్బమీద దెబ్బ కొడుతుంది, చేతికి పెద్దగా తెలియదు. మామూలు పవర్ రాచెట్‌లో సుత్తి లేదు. బోల్టు మీద ఎంత తిప్పుడు పడుతుందో అంతా తిరిగి మన చేతికే వస్తుంది. 47 న్యూటన్ మీటర్ల మెషిన్‌ను తల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, బోల్టు ఆగిన క్షణాన 19 కిలోల తోపు ఒక్కసారిగా. బయట అయితే చెయ్యి ఊగుతుంది, అంతే. ఇరుకులో చెయ్యి ఊగడానికి చోటేది? ఇనుముకూ ఇనుముకూ మధ్య వేలు ఉంటుంది. టార్క్ ఎక్కువున్నది కొనాలని ఉబలాటపడే కుర్రాళ్లకు నా వేలు చూపిస్తుంటాను.

అన్నట్టు ఆల్టర్నేటర్ దగ్గర మెషిన్ పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కు పోతుంది. మెషిన్ తల ఇనుము. అది ఇటు ఆ నట్టుకూ అటు చాసిస్‌కూ తగిలితే దీపావళే.

ఆ తర్వాత నేను చేసిన పనికి మా వీధిలో అందరూ నవ్వుకున్నారు. ప్యాకింగ్ పెట్టె చెక్క తీసుకుని, మా షెడ్డుకు తరచుగా వచ్చే కార్లలో అన్నిటికంటే ఇరుకైన నాలుగు సందులకు వెళ్లేలా ఒక కొయ్యముక్క చెక్కాను. మెషిన్ తల ఆకారం. మొదట లావుగా చెక్కాను, దూరలేదు. ఆకురాయితో అరగదీస్తూ, దూరుస్తూ, మళ్లీ అరగదీస్తూ పోతే చివరికి 22 మిల్లీమీటర్ల మందం, 33 వెడల్పు దగ్గర నాలుగు సందుల్లోనూ పోయింది. మెడ భాగం కూడా చెక్కాను, ఎందుకంటే తల దూరినా వెనకున్న లావు మోటారు భాగం అడ్డుపడితే లాభం లేదు. తల నుంచి లావు మొదలయ్యే దాకా కనీసం ఒక జానెడు సన్నటి మెడ ఉండాలని అప్పుడే తెలిసింది. ఆ ముక్క జేబులో వేసుకుని మళ్లీ ఎస్.పి. రోడ్డు, అక్కడి నుంచి జె.సి. రోడ్డు తిరిగాను.

ప్రతి అంగట్లో ఒకటే ప్రశ్న అడిగాను. ‘‘దీని తల మందం ఎంత?’’

ఒకాయన టార్క్ చెప్పాడు. ఇంకొకాయన వారంటీ చెప్పాడు. ఒక కుర్రాడు ఫోన్‌లో వెతికి మెషిన్ మొత్తం పొడవు చెప్పాడు, బరువు చెప్పాడు, రంగు కూడా చెప్పాడు. ఒక పెద్ద అంగట్లో కౌంటర్ మీదున్నాయన నన్ను పైనుంచి కిందికి చూసి ‘‘ఎవరి తల?’’ అన్నాడు. నేను కొయ్యముక్క తీసి కౌంటర్ మీద పెట్టి, ఇంతకంటే లావు ఉండకూడదన్నాను. అప్పుడు పెట్టెలు విప్పడం మొదలైంది. ఏడు మెషిన్లు ముక్క పక్కన పెట్టి చూశాం. అందులో రెండు నప్పాయి. అందులో ఒకటి కొన్నాను. 12 వోల్టులది, 3/8 అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే ముక్క), బ్రష్‌లెస్ మోటారు. తల మందం 21. మామూలు సాకెట్‌తో 48, కోసిన సాకెట్‌తో 41, అంటే నా చేతి రాచెట్ పట్టే సందులోనే ఇదీ పడుతుంది. ధర మొదటిదానికి దాదాపు నాలుగు రెట్లు. మూడు నెలల్లో ఆ డబ్బు వచ్చేసిందని మా ఇంట్లో చెప్పాను, నిజానికి ఆరు నెలలు పట్టింది.

అన్నీ కుదిరాయని కాదు. దిశ మార్చే మీట దీనికీ తల వెనకే ఉంది. పిడి మీద, ట్రిగ్గర్ పక్కన మీట ఉన్నది దొరికితే మాత్రం వదలకండి, ఇరుక్కుపోయినా వెనక్కి తిప్పుకోవచ్చు. బ్యాటరీ విషయంలో కూడా ఒక మాట. పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని అందరూ 4 ఆంపియర్ అవర్‌ది అంటగడతారు. నేను 2 ఆంపియర్ అవర్ సన్నటి బ్యాటరీలు రెండు తీసుకున్నాను. ఇరుకులో బ్యాటరీ కూడా మెషిన్ ఒంట్లో భాగమే కదా. ఒకటి చార్జర్‌లో, ఒకటి చేతిలో. వేడి ఇంజిన్ మీద మరిచిపోయి పెట్టవద్దని కుర్రాడికి రోజూ చెబుతాను, రోజూ పెడతాడు.

మా షెడ్డులో ఇప్పుడు పద్ధతి ఇది. మొదటి పావు చుట్టు చేతిది, పొడుగు స్పానర్‌తో. మెషిన్‌తో కట్టు విడగొట్టాలని చూస్తే లోపలి పళ్లు పోతాయి, పోయాక ఏ వారంటీ రాదు. తర్వాత మెషిన్, కానీ వెనక జాగా ఎంతుందో ముందే చూసుకుని నోటితో లెక్కపెట్టాలి. మా కుర్రాడిది మాలూరు, కన్నడంలో ‘ఒందు, ఎరడు’ అంటాడు. మూడో అంకె నోట్లోకి రాకముందే ట్రిగ్గర్ వదలాలి. మిగతాది రింగ్ స్పానరో వేళ్లో చూసుకుంటాయి. తిరిగి బిగించేటప్పుడు బోల్టు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే, అల్యూమినియంలో మర అడ్డంగా పడితే ఇంజిన్ పై భాగం, హెడ్డే పోతుంది. ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగువో చూపించే స్పానర్‌తో. స్పార్క్ ప్లగ్గుల దగ్గర మెషిన్‌తో ఆఖరిదాకా బిగించినవాడిని నేను పనిలో ఉంచను, ఇది మాత్రం ఖచ్చితం.

ఇక మీతో పని. మా పాప బీకాం చదువుతోంది. నేను ఈ మెషిన్ గోల ఇంట్లో రోజూ చెబుతుంటే విసిగిపోయి ఒకరోజు ఫోన్‌లో చట్టం తీసి చదివి వినిపించింది. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలట. ఆరో నిబంధనలో పెట్టె మీద ఏమేమి ఉండాలో ఉంది. తయారు చేసినవాడి పేరు, బయటి దేశం నుంచి తెచ్చినదైతే దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశం సరుకో, గరిష్ఠ ధర, ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెప్పాలో. నా 388 వోల్టుల పెట్టె వెతికి తీశాను, ఇందులో సగం లేవు. అదే నిబంధనలో ఇంకో మాట కూడా ఉంది. సరుకు కొలతలు ముఖ్యమైనవి అయితే ఆ కొలతలు కూడా పెట్టె మీద రాయాలని. దుప్పటి కొంటే పొడవు వెడల్పు రాసి ఉంటుంది కదా, అలా.

పాప అంది, ‘‘నాన్నా, దుప్పటికి పొడవు ఎంత ముఖ్యమో నీ రాచెట్‌కు తల అంత ముఖ్యం అని నువ్వు వాదించాలి.’’

నేను ఎక్కడ వాదించేది? నేను లాయరును కాను. కానీ ఇరుకు సందుల కోసమే అని అమ్మే సరుకుకు ఆ కొలతకంటే ముఖ్యమైన కొలత ఇంకేముందో నాకు తోచడం లేదు. తల మందం, తల వెడల్పు, సన్నటి మెడ పొడవు. మూడే అంకెలు, మిల్లీమీటర్లలో. 388 అచ్చు వేసిన చోట ఈ మూడూ సరిపోతాయి, ఇంకా జాగా మిగులుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకైతే అచ్చు ఖర్చు కూడా లేదు. అక్కడ ఫోటోలో మెషిన్‌ను ఒక అందమైన చెయ్యి పట్టుకుని ఉంటుంది, ఆ చెయ్యి ఎంత పెద్దదో మనకు తెలియదు.

మీరు మళ్లీ పనిముట్ల గురించి రాసినప్పుడు వెర్నియర్ పెట్టి కొలిచి ఆ మూడు అంకెలూ వేయండి. కంపెనీలవాళ్లు మీకు ప్రకటనలు ఇస్తారు కదా, వాళ్లనూ అడగండి, ‘మా పాఠకుడు ఒకడు సతాయిస్తున్నాడు’ అని చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు. పెట్టె మీద దిగుమతిదారు పేరు కూడా లేని సరుకు అంటగడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చని కూడా ఆ వ్యాసం కింద ఒక లైను వేస్తే బాగుంటుంది. బిల్లు ఉండాలి మరి. ఎస్.పి. రోడ్డులో బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే నేనూ తల ఊపినవాడినే, ఆ 3,800కి నా దగ్గర కాగితం ముక్క లేదు.

ఇంకొక చిన్న మాట, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. కొత్త మెషిన్‌తో ఒక లావు పుస్తకం ఇచ్చారు. పాప లెక్కపెట్టింది, పద్దెనిమిది భాషలు. ఫిన్నిష్ ఉంది. మా షెడ్డుకు ఫిన్లాండ్ నుంచి ఇప్పటిదాకా ఎవరూ పనికి రాలేదు. మదనపల్లె, కదిరి, పుంగనూరు, మాలూరు, ముళబాగిలు నుంచి వస్తున్నారు. అందులో కన్నడం లేదు, తెలుగు లేదు, హిందీ కూడా లేదు. వేలు నొక్కుకుపోతుంది జాగ్రత్త అని ఒక బొమ్మ ఉంది, నల్లటి చెయ్యి, దాని మీద ఎర్ర గీత. మా కుర్రాడు దాన్ని చూసి చేతి తొడుగులు వేసుకోకూడదని అర్థం చేసుకున్నాడు.

నా కొయ్యముక్క షెడ్డు గోడకు మేకుకు వేలాడుతోంది. ఈ మధ్య పక్క షెడ్డువాళ్లు కూడా అడిగి తీసుకుపోతున్నారు. మీ విలేకరి ఎస్.పి. రోడ్డుకు వెళ్లేటప్పుడు కావాలంటే వచ్చి తీసుకెళ్లమనండి. శుక్రవారం లోపల తెచ్చిచ్చేయాలి. శనివారం ఒక ఏసీ కంప్రెసర్ దింపాలి, దాని కింది బోల్టు నేనింకా చూడలేదు.

ఇట్లు,
ఒక కారు మెకానిక్,
కృష్ణరాజపురం, బెంగళూరు.

పేరు వేయవద్దని మనవి. ఆ ఇంజిన్ కదిపిన సంగతి ఆ కారు యజమానికి ఇంకా తెలియదు, ఆయన మీ పత్రికే చదువుతారు.